చేనేత దెబ్బతినడానికి బాధ్యులెవరు? తొమ్మిదో తరగతిలో విచారణ పెట్టాలనుకుంటున్నాను, సలహాలు కావాలి

నూలుపోగు · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. కోస్తాలోని ఒక చేనేత ఊళ్లో, ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. మా తొమ్మిదో తరగతిలో నలభై ఒక్కమంది పిల్లలు. పదకొండు మంది ఇళ్లలో ఇప్పటికీ గుంటమగ్గం ఆడుతోంది. మరో ఏడెనిమిది మంది ఇళ్లలో తాతల కాలంలో ఆడేది. ఇప్పుడు ఆ గుంట పూడ్చి, పైన బండలు పరిచారు.

కిందటేడు "ఆధునికత వరమా, శాపమా?" అని చర్చ పెట్టాను. ఇంట్లో పెద్దవాళ్లు రాసిచ్చినదాన్ని పిల్లలు అప్పజెప్పారు. గొంతు పెద్దదైన అబ్బాయికి చప్పట్లు పడ్డాయి. గంటసేపు సాగినా ఒక్క సంవత్సరం, ఒక్క చట్టం, ఒక్క మనిషి తీసుకున్న ఒక్క నిర్ణయం వినపడలేదు. వానొచ్చింది, బట్టలు తడిశాయి అన్నంత తేలికగా "యంత్రం వచ్చింది, మగ్గం పోయింది" అన్నారు. యంత్రం తనంతట తాను నడిచి రాలేదు కదా! ఎవరో తెచ్చారు, ఎవరో అనుమతించారు, ఎవరో కొన్నారు. ఆ "ఎవరో" దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లాలని నా కోరిక.

అందుకే ఈసారి న్యాయస్థానం పద్ధతి అనుకుంటున్నాను. బోనులో ఐదుగురు: బ్రిటిష్ పాలకులు, వారి మిల్లులు కలిపి ఒకరు, మరమగ్గం యజమాని, స్వాతంత్ర్యం తర్వాతి ప్రభుత్వాలు, మజూరీకి నేయించే మాస్టర్ వీవర్, చీర కొనే మనం. ఇలాంటిది ఎవరైనా చేశారా? ఎక్కడ తప్పటడుగు పడుతుంది?

పాతపంతులు · సోమవారం, రాత్రి 10:40

అమ్మా, ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి విశ్రాంతిలో ఉన్నవాణ్ణి. మీ ప్రశ్న మారడమే సగం విజయం. "వరమా శాపమా" అంటే పిల్లలు విశేషణాలు వెతుకుతారు. "ఎవరు?" అంటే మనుషుల్ని, తేదీల్ని వెతుకుతారు.

ఒక పని చేయండి. తీర్పు "దోషి, నిర్దోషి" అని రానివ్వకండి. ఒక్కో జట్టుకు వంద చింతగింజలు ఇవ్వండి. బోనులో ఉన్న ఒక్కొక్కరి ముందు ఒక్కో గ్లాసు పెట్టండి. వంద గింజలూ పంచాలి, ఎందుకన్ని వేశారో చెప్పాలి. వాదనలు విన్నాక మళ్లీ పంచాలి. మార్కులు వాగ్ధాటికి వద్దు, గింజలు ఎందుకు కదిపారో చెప్పినందుకు వేయండి. అభిప్రాయం మార్చుకోవడం ఓటమి కాదని పిల్లలకు చేతులతో తెలియాలి.

ఇక మీరు బ్రిటిష్ వారందరినీ ఒకే ముద్ద చేశారు. విడదీయండి. మచిలీపట్నంలో ఇంగ్లిష్ వర్తకస్థావరం 1611లో మొదలైంది. అప్పుడు వాళ్లు మన బట్ట కొనడానికి వచ్చారు. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరే "మడపొల్లం" అనే గుడ్డ పేరై ప్రపంచం తిరిగింది. మన అద్దకాలు అక్కడి నేతగాళ్ల పొట్టకొడుతున్నాయని బ్రిటన్ 1700లో, మళ్లీ 1721లో వాటిని అడ్డుకుంటూ చట్టాలు చేసుకుంది. తన నేతగాళ్లను కాపాడుకోవడానికి చట్టం చేయవచ్చునని ఆ దేశానికి తెలుసు. 1813లో ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం పోయాక మిల్లు సరుకుకు మన తలుపులు బార్లా తెరిచిందీ ఆ దేశమే. 1833 చార్టర్ చట్టంతో కంపెనీ వ్యాపారమే మానేసింది. దాని కొనుగోళ్ల మీద బతికిన ఊళ్ల గతి ఏమిటో ఆలోచించండి. మన బట్టను రానివ్వని చట్టసభ, బట్ట కొన్న వర్తకుడు, బట్ట అమ్మిన మిల్లు యజమాని. ఈ ముగ్గురూ ఒక్కరు కారు.

మానేరు_ఒడ్డు · మంగళవారం, ఉదయం 7:05

మాది సిరిసిల్ల. మరమగ్గం యజమానిని బోనులో నిలబెడతామన్న మాట చదివి రాత్రి నిద్ర పట్టలేదు.

టీచర్ గారూ, ఆ యజమాని ఎవరో మీ పిల్లలకు తెలుసా? మా తాత పద్మశాలి. చేతిమగ్గం మీద పూట గడవక భీవండి వెళ్లాడు. మా వాడకట్టులో చాలామంది భీవండికో, షోలాపూర్‌కో, సూరత్‌కో వెళ్లినవారే. అక్కడ మరమగ్గం నడపడం నేర్చుకుని, పాత సాంచెలు, అంటే మరమగ్గాలు, కొనుక్కుని ఇంటికి తిరిగి వచ్చారు. మా దగ్గర సేఠ్ నూలు ఇస్తాడు, ఆసామి తన నాలుగైదు సాంచెల మీద నేయిస్తాడు, కార్మికుడు పన్నెండు గంటలు ఆ చప్పుడులో నిలబడతాడు. మా నాన్న ఆసామి. చెవులు సరిగ్గా వినపడవు. అప్పులు తీరక ఉరి పోసుకున్న నేతన్నల వార్తల్లో సిరిసిల్ల పేరు ఏళ్ల తరబడి వచ్చింది. వాళ్లలో మరమగ్గం మనుషులే ఎక్కువ. చేనేతను చంపినవాడని మీ పిల్లలు ఎవరిని వేలెత్తి చూపిస్తారో, ఆ మనిషీ అదే కులం, అదే ఆకలి.

పవర్‌లూమ్ పాపం అని రాసే పెద్దమనుషులందరినీ ఒక రాత్రి షిఫ్టుకు రమ్మని అడుగుతున్నాను.

నూలుపోగు · మంగళవారం, ఉదయం 8:20

అన్నా, మీరు చెప్పకపోతే నేను ఆ తప్పు చేసి ఉండేదాన్ని. మన్నించండి. సేఠ్, ఆసామి, కార్మికుడు అని విడదీస్తాను. అనుమతిస్తే మీ మాటలను పేరు లేకుండా సాక్ష్యంగా తరగతిలో చదివిస్తాను.

మానేరు_ఒడ్డు · మంగళవారం, ఉదయం 8:31

చదివించండి. చెవుల సంగతి కూడా చదివించండి.

నల్లకోటు · మంగళవారం, మధ్యాహ్నం 1:15

న్యాయవాదిని కాబట్టి ఒక మాట. మీ విచారణ మొత్తం "బాధ్యత" అన్న ఒక్క మాట మీద నిలబడింది. తెలుగులో ఆ మాట రెండు దిక్కులకు చూస్తుంది. "ఈ ప్రమాదానికి డ్రైవరే బాధ్యుడు" అంటాం, అది తప్పు మోపడం. "చెల్లెలి చదువు బాధ్యత నాది" అంటాం, అక్కడ తప్పు లేదు, భారం ఎత్తుకోవడం ఉంది. పిల్లలు ఈ రెంటి మధ్యా తెలియకుండానే జారిపోతారు. పెద్దలమూ జారిపోతాం.

అందుకని ప్రతి ముద్దాయి విషయంలో మూడు ప్రశ్నలు వేరువేరుగా అడిగించండి. ఈయన చేసిన పని వల్ల నష్టం జరిగిందా? జరుగుతుందని తెలిసి, వేరే దారి ఉండి కూడా చేశాడా? ఇప్పుడు సరిదిద్దే శక్తి ఎవరికి ఉంది? సిరిసిల్ల ఆసామి మొదటి ప్రశ్నకు "అవును" కావచ్చు, రెండోదానికి కాడు. చీర కొనే గృహిణికి మొదటి రెండూ స్వల్పం, మూడోది ఎంతో కొంత ఉంది. ప్రభుత్వానికి మూడూ ఉన్నాయి.

ప్రభుత్వం మీద అభియోగపత్రం రాయడానికి సరుకు ఇస్తున్నాను. కొన్ని రకాల వస్త్రాలను చేతిమగ్గం మీదే నేయాలని 1985లో పార్లమెంటు చట్టం చేసింది. మొదట 22 రకాలు. మిల్లులు, మరమగ్గాల వాళ్లు కోర్టుకెక్కారు. 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందంది. 1996లో జాబితాను 11 రకాలకు కుదించారు. ఆ పదకొండూ మరమగ్గం మీద తయారై దుకాణాల్లో చేనేత పేరుతో అమ్ముడుపోతుంటే పట్టుకునేవారు అరుదు. 2017లో జీఎస్‌టీతో చేనేత వస్త్రం మీద 5 శాతం పన్ను పడింది. 2020లో అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేశారు. ప్రభుత్వం తరఫు న్యాయవాదిగా మీ తరగతిలో అందరికన్నా తెలివైన పిల్లను పెట్టండి. ఆమెకూ చెప్పుకోవడానికి ఉంది: సహకార సంఘాలు, ఆప్కో, రాయితీలు, పోచంపల్లి ఇక్కత్‌కు వచ్చిన భౌగోళిక గుర్తింపు. బలహీనమైన వాదనను ఓడించడం వల్ల పిల్లలు నేర్చుకునేది ఏమీ ఉండదు.

కండెచుట్టే_చెయ్యి · మంగళవారం, రాత్రి 8:50

నేను మంగళగిరి వైపు నేతపని చేసే ఇంటి కోడలిని. డిగ్రీ చదివాను, రోజూ కండెలు చుడతాను, మా ఆయన మగ్గం దిగితే నేను ఎక్కుతాను.

ఇక్కడ అందరూ "పోయింది", "చంపారు" అంటున్నారు. మేము బతికే ఉన్నాం. 2019-20 చేనేత గణనలో దేశమంతటా 35 లక్షల మందికి పైగా లెక్క తేలాం. అంతకు పదేళ్ల ముందు 43 లక్షలు. తగ్గాం, నిజమే. కానీ పోయినవాళ్ల కోసం జరిపే విచారణలో మాకు కుర్చీ ఎక్కడ ఉంటుంది? సాక్షిగా పిలిచి, కన్నీళ్లు పెట్టించి, పంపేస్తారా? మా అమ్మాయి చదివే బడిలో ఒకసారి అలాగే జరిగింది. "నేత కార్మికుల దుస్థితి" అని నాటిక వేసి, నేత ఇంటి పిల్ల కాబట్టి దానికే చిరిగిన చీర కట్టారు. ఇంటికొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంకొకటి. మగ్గం కన్నా ముందు పోయింది రాట్నం. అది ఆడవాళ్ల పని. మిల్లు నూలు చౌకగా దిగగానే ఇంటింటా వడికే ఆడవాళ్ల చేతుల్లో నుంచి ఆదాయం జారిపోయింది. ఆ నూలు కొన్నది ఎవరు? మా నేతగాళ్లే. చౌక నూలుతో నిలదొక్కుకున్నారు. వడికే ఆవిడ ఈ కోర్టుకొస్తే నేతగాణ్ణి కూడా బోనెక్కిస్తుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆడవాళ్లు ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి చేత్తో నూలు తీస్తున్నారు. మిగిలిన చోట్ల వడికిన ఆవిడ పేరు కూడా ఎవరూ తలవరు.

పాతపంతులు · మంగళవారం, రాత్రి 9:30

అమ్మా, చదివి కాసేపు కుర్చీలోనే ఉండిపోయాను. ఇన్నేళ్ల పాఠాల్లో నేతగాణ్ణి బాధితుడిగానే చూపించాను. వడికే స్త్రీని ఒక వాక్యంలో దాటేశాను. నూలుపోగు గారూ, మొదటి ఫిర్యాదీగా ఆమెనే పెట్టండి.

గణితం_నాది · బుధవారం, ఉదయం 6:40

అందరూ మెచ్చుకుంటున్నారు, నాకు మాత్రం సందేహం ఉంది. పద్నాలుగేళ్ల పిల్లలు. నూలు ధర ఎలా నిర్ణయమవుతుందో, సుంకం అంటే ఏమిటో తెలియకుండా తీర్పులు చెప్పమంటే మనం నేర్పేది తొందరపాటు. బడిలో తెలిసీ తెలియని కోపం నేర్చుకున్న పిల్లవాడు పెద్దయ్యాక ఫోనులో అదే చేస్తాడు. ముందు విషయం, తర్వాత వాదన. పైగా సిలబస్ పూర్తి చేయాల్సిన రోజులు ఎన్ని ఉన్నాయి?

నల్లకోటు · బుధవారం, ఉదయం 9:10

మాస్టారూ, తొందరపాటు గురించి మీరన్నది నిజం. కానీ విషయం పూర్తయ్యేదాకా వాదన ఆపితే ఆ రోజు ఎప్పటికీ రాదు. నా అనుభవంలో కక్షిదారు కేసు చేతికొచ్చాకే నేను చట్టం శ్రద్ధగా చదివాను. ప్రతివాదికి వకాల్తా పుచ్చుకున్న పిల్ల సుంకం అంటే ఏమిటో వెతుక్కుంటుంది. అయితే ఒక నియమం పెట్టాలి. ఆధారం చూపకుండా ఎవరూ "వాళ్లకు తెలుసు" అనకూడదు.

సాగరతీరం · బుధవారం, రాత్రి 11:02

విశాఖలో మానవశాస్త్రం చదువుకున్నాను. సొంత ఊరి గాయంతో మొదలుపెట్టవద్దు. ముందు ఒక పీరియడు దూరపు కథ మీద చెయ్యి తిప్పించండి. నేనైతే రాతిగొడ్డళ్ల కథ చెబుతాను.

ఆస్ట్రేలియా ఉత్తరాన కేప్ యార్క్ ద్వీపకల్పంలో యిర్ యోరొంట్ అనే జాతి ఉంది. 1930లలో వారి మధ్య ఉండి అధ్యయనం చేసిన అమెరికన్ లారిస్టన్ షార్ప్ ఈ సంగతి రాశాడు. వారి ముఖ్యమైన పనిముట్టు రాతిగొడ్డలి. వారి నేలలో ఆ రాయి దొరకదు, దక్షిణాన వందల మైళ్ల దూరంలో ఉంది. టేకు చేప ముల్లు బిగించిన ఈటెలు ఇచ్చి, చేతులు మారుతూ వచ్చే రాయిని పుచ్చుకునేవారు. ఆ ఇచ్చిపుచ్చుకోవడం కోసమే ఏటా కలిసేవారు, పండుగలు చేసుకునేవారు. గొడ్డలి చేసేదీ దాచుకునేదీ పెద్ద మగవాళ్లు. కట్టెలు కొట్టాలంటే ఆడవాళ్లు భర్తనో, తండ్రినో, అన్ననో అడిగి తీసుకుని, పని కాగానే తిరిగి ఇవ్వాలి. ఎవరిని ఎవరు అడగాలన్న దాంట్లోనే వారి బంధుత్వాల మర్యాద అంతా ఉంది.

క్రైస్తవ మిషన్ వచ్చింది. మంచి ఉద్దేశంతోనే ఇనుప గొడ్డళ్లు పంచింది. మిషన్ దగ్గరికి చనువుగా వచ్చిన యువకులకు, ఆడవాళ్లకు, పిల్లలకు కూడా ఇచ్చింది. దూరంగా ఉండిపోయిన ముసలివాళ్లు చివరికి ఆడవాళ్ల దగ్గర, కుర్రవాళ్ల దగ్గర గొడ్డలి అరువు అడగవలసి వచ్చింది. ఏటా కలవాల్సిన అవసరం సన్నగిల్లింది. ఎవరూ ఎవరినీ కొట్టలేదు, దోచుకోలేదు. అయినా ఒక లోకం వదులైపోయింది.

బోనులో ఎవరు? ఇచ్చిన మిషన్‌వారా, పుచ్చుకున్న కుర్రవాళ్లా, గొడ్డలిని తమ గుప్పిట్లో పెట్టుకున్న పెద్దలా? అరువు అడగకుండా మొదటిసారి కట్టెలు కొట్టుకున్న ఆడమనిషి ఏమనుకుని ఉంటుంది? ఇక్కడ మీ పిల్లలెవరికీ సొంత బాధ లేదు కాబట్టి స్వేచ్ఛగా ఆలోచిస్తారు. ఆ తర్వాత మగ్గం దగ్గరికి రండి.

దూరదేశం · గురువారం, ఉదయం 5:30

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి తరగతిలో కొలంబస్ మీద ఇలాంటి విచారణ జరిగింది. కొలంబస్‌తో పాటు రాజు రాణి, నావికులు, అక్కడి మూలవాసులు, చివరికి "సామ్రాజ్య వ్యవస్థ" కూడా ముద్దాయిలే. మొదట పిల్లలు అన్ని పాపాలూ వ్యవస్థ నెత్తిన వేసి చేతులు దులుపుకున్నారట. "వ్యవస్థను ఎవరు నడిపారు? ఆపగలిగినవాళ్లు ఎవరు?" అని టీచరు అడిగాక మళ్లీ వాదన రాజుకుంది. మీ పిల్లలు కూడా "కాలం మారింది" అన్న గ్లాసు ఒకటి అడుగుతారు. సిద్ధంగా ఉండండి.

కండెచుట్టే_చెయ్యి గారి పాప సంగతి చదివి బాధ కలిగింది. పాత్రలు చీటీలు తీసి పంచండి. ఎవరి ఇంటి కథ వారికి రాకుండా చూడండి.

పాతపంతులు · గురువారం, ఉదయం 10:15

యంత్రం పేరెత్తితే శత్రువే అన్న భావం రాకుండా చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం గురించి చెప్పండి. యాదాద్రి జిల్లా శారాజీపేట. ఇక్కత్ చీరకు ఆసు పోయాలంటే దారాన్ని కొయ్యమేకుల చుట్టూ చేత్తో వేల సార్లు తిప్పాలి. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆయన యంత్రం చేశారు, ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇదీ ఆధునికతే. అయితే దీన్ని నేత ఇంటి నొప్పి తెలిసినవాడు తయారుచేశాడు, మగ్గం మగ్గంగానే ఉంది. పిల్లలు దీన్నీ సిరిసిల్ల సాంచెనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

నూలుపోగు · పదిహేడు రోజుల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:45

అయింది. నాలుగు పీరియడ్లు పట్టింది, ఒకటి గణితం మాస్టారి దగ్గర అరువు తీసుకున్నాను (మా బడి మాస్టారు, ఇక్కడి వారు కాదు).

రాతిగొడ్డళ్ల రోజు తరగతి నిశ్శబ్దంగా మొదలైంది. "ముసలివాళ్లకు మర్యాద పోయింది, పాపం" అన్నాడు ఒకడు. వెంటనే వెనుక బెంచీ అమ్మాయి లేచి, "మా ఇంట్లో ఫోను నాన్న దగ్గరే ఉంటుంది టీచర్. ప్రతిసారీ అడగాలి" అంది. అంతే, ఆ గంట ఎలా గడిచిందో తెలియలేదు.

అసలు విచారణలో మొదట వడికే స్త్రీ ఫిర్యాదు చేసింది. ఆ పాత్ర చీటీలో ఒక అబ్బాయికి వచ్చింది. "నా కూలి పోయిన రోజు ఎవరూ సంఘం పెట్టలేదు" అని రాసుకొచ్చాడు. నేను చెప్పిన వాక్యం కాదది.

తొలి పంపకంలో ఆరు జట్లూ సగానికి పైగా గింజలు బ్రిటిష్ గ్లాసుల్లో వేశాయి. మానేరు_ఒడ్డు అన్న సాక్ష్యం చదివాక మరమగ్గం ఆసామి గ్లాసు దాదాపు ఖాళీ అయింది. ఆ గింజలు సేఠ్‌కు కొన్ని, 1996 జాబితా కుదింపు వల్ల ప్రభుత్వానికి ఎక్కువ వెళ్లాయి. కొనుగోలుదారు వంతు వచ్చినప్పుడు ఒకరి చొక్కా కాలరు ఒకరు తిప్పి చూసుకున్నారు. పాలిస్టర్ కలిసిన గుడ్డ. "ఇది మేము కొన్నది కాదు, బడిలో ఇచ్చారు" అని ఒక జట్టు వాదించి, తమ గ్లాసులోంచి ఏడు గింజలు తీసి ప్రభుత్వానికి మార్చింది. ప్రభుత్వం తరఫు అమ్మాయి వదల్లేదు. "పండక్కి కొన్నది ఏ గుడ్డ?" అని అడిగింది. మూడు గింజలు వెనక్కి వచ్చాయి.

"కాలం" గ్లాసు అడిగారు. ఇచ్చాను, కానీ అందులో వేసే ప్రతి గింజకూ "ఇది ఎవరూ ఆపలేనిది" అని ఆధారం చూపాలన్నాను. రెండు జట్లు తీసేసుకున్నాయి. ఒక జట్టు ఐదు గింజలు ఉంచి, మిల్లు నూలు చేతి నూలు కన్నా ఎంత త్వరగా తయారవుతుందో లెక్క వేసి చూపింది. ఒప్పుకున్నాను.

ఒక్కచోట నాకు చేతకాలేదు. చివరి రోజు నేత ఇంటి అమ్మాయి, ఏ పాత్రా లేకుండా, తన చోటనుంచే లేచింది. "నాకు మగ్గం ఎక్కాలని లేదు. నర్సు కావాలని ఉంది. నేను మానేస్తే మా ఇంట్లో మగ్గం ఆగిపోతుంది. నాకెన్ని గింజలు వేస్తారు?" అంది. ఎవరూ మాట్లాడలేదు. గంట కొట్టారు. సోమవారం తరగతికి వెళ్లాలి. ఆ పిల్లకు ఏం చెప్పాలి?

నల్లకోటు · ఆదివారం, సాయంత్రం 6:30

ఒక్క గింజ కూడా వేయకూడదని చెప్పండి, కారణంతో సహా. ఆమె వెళ్లిపోవడం వల్ల మగ్గం ఆగుతుంది. అది కారణం. తప్పు కాదు. ఒక వృత్తిలో ఉండిపోవడానికి పిల్లలు చదువు వదులుకోవలసి వస్తే, ఆ వృత్తికి గిట్టుబాటు లేకుండా చేసినవారి గ్లాసులోనే ఆ గింజలు పడాలి.

మానేరు_ఒడ్డు · ఆదివారం, రాత్రి 7:10

నేను కూడా సాంచె వదిలి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. ఆ పాప ప్రశ్న నాదీ. వకీలు గారి జవాబు సరైనదే, కానీ దానితో నాకు నిద్ర పట్టదు. ఆమెతో పాటు మిగతా పిల్లలూ జవాబు వెతకనివ్వండి. త్వరగా ఓదార్చకండి.

కండెచుట్టే_చెయ్యి · ఆదివారం, రాత్రి 9:25

టీచర్ గారూ, ఆ పాపను, తరగతినీ మా ఊరు తీసుకురండి. మా పెద్దమ్మాయి ఇప్పుడు నర్సింగ్ రెండో సంవత్సరం. సెలవుల్లో వచ్చినప్పుడు తనకు తోచితే మగ్గం ఎక్కుతుంది, లేకపోతే లేదు. వాళ్లిద్దరూ మాట్లాడుకోవాలి, మనం పక్కన ఉండనక్కర్లేదు. తను వచ్చే శనివారం ఇంట్లోనే ఉంటుంది. వస్తే తెల్లవారి ఆరింటికల్లా రండి. వీధిలో పడుగు (మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు) సాగదీసి గంజి పట్టేది అప్పుడే. ఎండెక్కితే చుట్టేస్తాం. పిల్లలు అంచు పట్టుకోవచ్చు, ఎప్పుడూ మనుషులు చాలరు.

నూలుపోగు · ఆదివారం, రాత్రి 9:40

శనివారం వస్తాం. నలభై ఒక్కమందీ. మొదటి బస్సు అయిదుంబావుకు ఉంది.